చేతిలో ఇమిడిన కెమేరా

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ప్రసంగ పాఠము)



ఈ ప్రసంగమునకు విషయము ఒక చిన్న యంత్రము. అనేక గృహములలో బీరువా పై అరలోనో, ట్రంకుపెట్టెలో పట్టుచీరల మడతల క్రిందనో, గోధుమవన్నె తోలు సంచిలో ఒక పాత కెమేరా పడియుండును. ఏనాడో ఎవరో బంధువు విదేశమునుండి తెచ్చి యిచ్చినది. పారవేయుటకు మనసొప్పదు, వాడుటకు తెలియదు. పండుగనాడు పెట్టె తెరచినప్పుడు పిల్లలు దానిని తీసి, కన్ను పెట్టి చూచి, నడుమ పసుపుపచ్చని మచ్చ యొకటియు, దానిలో ప్రతి వస్తువును రెండుగా కనబడుటయు గమనించి, ఇది చెడిపోయినదని తీర్మానించి మరల లోపల పెట్టుదురు. నిజమునకు ఆ మచ్చయే దాని ప్రాణము. ఆ రెండు బింబములను ఒకటిగా చేయుటయే దానితో చిత్రము తీయు విద్యలో సగము. ఇట్టి కెమేరాకు రేంజిఫైండరు కెమేరా యని పేరు. తెలుగున దూరమాపక మనవచ్చును.

చిన్నదియగుట చేత ఈ యంత్రము చేసిన పని యెంతటిదో తెలియవలెనన్న, అంతకు ముందున్న కెమేరా యెట్టిదో మొదట తెలియవలెను. దానికి దూరము పోనక్కరలేదు. రాజా దీన్‌దయాళ్ పేరు విననివారు తక్కువ. ఆయన 1844లో ఉత్తరదేశమున సర్ధనా యను ఊర జన్మించి, ఇంజనీరింగు విద్య నేర్చి, పిదప ఛాయాచిత్రకళను వృత్తిగా స్వీకరించి, సికింద్రాబాదున చిత్రశాల నెలకొల్పి, ఆరవ నిజాము మహబూబ్ అలీఖానుని ఆస్థాన ఛాయాగ్రాహకుడై, 1905లో మరణించెను. ఆయన చిత్రములు గాజుపలకలపై తీసినవి. పలక యెంత పెద్దదో కెమేరా అంత పెద్దది. ముక్కాలిపీట, నల్లగుడ్డ, పలకల పెట్టెలు, వానిని మోయు కూలీలు – ఇదంతయు ఒక ఊరేగింపు. గోల్కొండ గోడలును, చౌమహల్లా దర్బారులును ఆ పలకలపై ఎంత నిశితముగా నిలిచినవో చూచినవారికి ఆశ్చర్యము కలుగును. 1892లో ఆయన హైదరాబాదున పరదా స్త్రీల కొరకు ప్రత్యేకముగా ఒక చిత్రశాల తెరచి, దాని నిర్వహణము ఒక ఆంగ్ల వనితకు ఒప్పగించెను. ఆ కాలమునకు అది సామాన్యమైన ఆలోచన కాదు.

అయినను ఆ విధానమున ఒక నిర్బంధము కలదు. మనుష్యుడే కెమేరా యెదుటికి రావలెను, వచ్చి కదలక నిలువవలెను. అందుచేత ఆనాటి చిత్రములలో నవాబు నవాబువలెనే యుండును, సేవకుడు సేవకునివలెనే యుండును. ఎవ్వరును తమవలె ఉండరు. నాట్లు వేయు స్త్రీ నడుము నెత్తి చెమట తుడుచుకొను క్షణమును గాజుపలక పట్టజాలదు. పట్టుటకు వచ్చువరకు ఆమె మరల వంగి నాలుగు మొలకలు నాటియుండును.

ఈ నిర్బంధమును తెంచిన పురుషుడు ఛాయాగ్రాహకుడుగా ప్రసిద్ధి పొందినవాడు కాడు. ఆయన ఒక పనిముట్ల మేస్త్రి. జర్మనీదేశమున వెట్స్‌లార్ యను చిన్న పట్టణమున లైట్స్ అను కుటుంబమువారి కర్మాగారము కలదు. అచట సూక్ష్మదర్శినులు తయారగుచుండెను. 1879లో జన్మించిన ఆస్కార్ బార్నాక్ 1911లో అందు పనికి చేరెను. ఆయనకు కొండలు, అడవులు తిరుగుట ఇష్టము. చిత్రములు తీయుట అంతకన్న ఇష్టము. కాని ఆయనకు ఉబ్బసపు వ్యాధి. పలకల కెమేరా మోసికొని మిట్ట యెక్కుట ఆయన శక్తికి మించిన పని. చిన్న నెగటివు తీసి, పిదప పెద్ద చిత్రముగా పెంచుకొనరాదా యని ఆయన తలపోసెను. సినిమా ఫిల్ము అప్పటికే వాడుకలో నున్నది. దానిపై ఒక్కొక్క బొమ్మ 18 మిల్లీమీటర్లు వెడల్పు, 24 మిల్లీమీటర్లు పొడవు. ఆయన ఆ బొమ్మలు రెండింటికి పట్టు చోటు నొకటిగా చేసి, 24కు 36 మిల్లీమీటర్ల చట్రము నేర్పరచి, 1914 నాటికి కోటు జేబులో పట్టు కెమేరా నొకటి తన చేతులతో చేసెను. ఉబ్బసము లేనిచో ఈ కెమేరా యింకెన్నాళ్లకు పుట్టియుండెడిదో!

అంతలో మొదటి ప్రపంచయుద్ధము వచ్చెను. యుద్ధ ప్రకటనను పట్టణపు వీథిలో అతికించుచున్న దృశ్యమును బార్నాక్ ఆ చిన్న కెమేరాతోనే తీసెను. 1920లో వెట్స్‌లార్‌ను ముంచిన వరదను గూడ తీసెను. కర్మాగారపు యజమాని రెండవ ఎర్నస్ట్ లైట్స్ దానిని అమ్మకమునకు తయారు చేయవలెనా వద్దా యని చాలకాలము తర్కించెను. యుద్ధానంతరము జర్మనీలో నాణెము విలువ గాలికి పోయినది. క్రొత్త వస్తువు నెవరు కొందురు? తోటివారిలో పలువురు వలదనిరి. 1924లో ఆయన సాహసింప నిశ్చయించెను. 1925 వసంతమున లైప్‌జిగ్ సంతలో లైకా యను పేర అది లోకమునకు ప్రదర్శింపబడెను. లైట్స్ కెమేరా యను రెండు మాటల మొదళ్లు కలిపిన పేరది. ఆనాడు పరీక్షార్థము చేసిన కెమేరాలలో బార్నాక్ స్వయముగా వాడినది 2022లో వేలమునకు రాగా ఒక కోటి నలుబది లక్షల యూరోలకు పైగా పలికెను. ఆ ధర చూచి ఈ గ్రామమున పాత కెమేరా గల వారెవ్వరును ఆశపడవలదు. వానికి అంత వెల రాదు. వాని విలువ వేరు.

ఆ మొదటి లైకాకు ఒక లోపముండెను. ఎదుటి వస్తువు ఎంత దూరమున నున్నదో కంటితో ఉజ్జాయింపుగా చూచి, కటకపు చుట్టునున్న అంకెలను ఆ దూరమునకు త్రిప్పవలెను. ఉజ్జాయింపు తప్పినచో ముఖము మసకగును. 1932లో వచ్చిన రెండవ లైకాలో దూరమును కొలుచు సాధనము కెమేరాలోనే యిమిడ్చి, కటకముతో అనుసంధించిరి. అదే యేట జైస్ సంస్థవారి కాంటాక్స్ కెమేరాయు అట్టి సాధనముతోనే వెలువడెను.

ఆ సాధనము పనిచేయు తీరు తెలిసికొనుటకు గణితము రానక్కరలేదు. చేయి చాచి బొటనవ్రేలిని నిలువుగా పట్టి, ఎదుటి కొబ్బరిచెట్టునకు సరిగా అడ్డుపెట్టి, ఒక కన్ను మూసి చూడవలెను. పిదప ఆ కన్ను తెరచి రెండవ కన్ను మూయవలెను. వ్రేలు చెట్టునుండి ప్రక్కకు జరిగినట్లు కనబడును. వ్రేలిని ముఖమునకు దగ్గర చేసినకొలది జరుగుట యెక్కువగును. దూరము చేసినకొలది తగ్గును. రెండు కన్నుల నడుమ ఎడమున్నందున కలుగు ఈ జరుగుబాటే దూరమునకు కొలత. పొలము కొలుచు అమీనుకును, ఏటి యావలి గట్టున నున్న చెట్టు దూరమును ఈవలినుండి లెక్కించు ఇంజనీరుకును ఇదే సూత్రము. రేంజిఫైండరు కెమేరాకు ముందు భాగమున కొలది అంగుళముల ఎడముగా రెండు కిటికీలుండును. అవి దాని రెండు కన్నులు. ఒక కిటికీలోనుండి చూచువానికి దృశ్యము నేరుగా కనబడును. రెండవ కిటికీలోనుండి వచ్చు బింబము ఒక చిన్న అద్దముపై పడి, అటనుండి సగము పూత గల మరియొక అద్దముపైకి పోయి, మొదటి దృశ్యము నడుమ పచ్చని మచ్చగా వ్రాలును. కటకపు వలయమును త్రిప్పగా లోపలి మీట కదలి, ఆ బింబము ప్రక్కకు జరుగును. రెండు బింబములు ఒకదానిపై నొకటి సరిగా కూర్చున్న క్షణమున కటకము ఆ దూరమునకు అమరినదన్నమాట.

దీనిలో ఒక కిటుకు కలదు. పుస్తకములలో దీనిని తరచుగా విడిచిపెట్టుదురు. బింబము జరుగునది అడ్డముగా మాత్రమే. కనుక నిలువు గీత దొరికినగాని రెండు బింబములు కలిసినవో లేదో కన్ను పసిగట్టజాలదు. గుమ్మపు నిలువు కమ్మి, కర్ర, చీర అంచు, కండువా మడత – ఇట్టివి పనికివచ్చును. చెరువుగట్టు, దూలము వంటి అడ్డగీతలపై ప్రయత్నించినచో ఏమియు తేలదు; అప్పుడు కెమేరానే నిలువుగా త్రిప్పి, దూరమమర్చి, మరల అడ్డముగా పట్టుకొనవలెను. ముదుసలి ముఖమున ముక్కు ప్రక్కనుండి క్రిందికి దిగు ముడుత దీనికి మిక్కిలి అనుకూలము. నున్నని పసిముఖము కష్టము.

మరియొక విశేషము. కటకములోనుండియే దృశ్యమును చూపు కెమేరాలలో లోపల పెద్ద అద్దముండి, మీట నొక్కగనే అది పైకి ఎగురును. ఆ చప్పుడునకు ఎదుటివాడు ఉలికిపడును. ఆ క్షణమున తీయువానికి కన్నులు చీకటియగును. రేంజిఫైండరులో ఎగురు అద్దము లేదు. చిన్న టిక్కుమను శబ్దము, అంతే. చిత్రము పడిన క్షణమున గూడ దృశ్యము కనబడుచునే యుండును. పైగా అనేక నమూనాలలో చిత్రపు హద్దులు వెలుగు గీతలుగా కనబడి, వానికి వెలుపలి ప్రదేశమును కొంత తెలియును. వీథి మలుపునుండి ఎవరు వచ్చుచున్నారో, పిల్లవాడు ఎటు పరుగిడుచున్నాడో ముందే తెలిసి వేచియుండ వీలగును.

ఈ గుణములన్నిటిని పూర్ణముగా ఉపయోగించినవాడు ఫ్రాన్సు దేశీయుడు ఆన్రీ కార్టియే బ్రెస్సాఁ. 1908లో జన్మించి, చిత్రలేఖనము నేర్చి, 1932 ప్రాంతమున లైకాను చేపట్టెను. ఒక్క 50 మిల్లీమీటర్ల కటకముతోనే చాలవరకు పని గడుపుకొనెను. మెరపుదీపము వాడుట ఆయనకు గిట్టదు. అది అమర్యాద యని ఆయన అభిప్రాయము. రెండవ ప్రపంచయుద్ధమున జర్మనులకు చిక్కి చెరలో పడెను. రెండుమారులు పారిపోవ యత్నించి పట్టుబడి, 1943లో మూడవమారు తప్పించుకొని, తాను ముందే ఒక పొలమున పాతిపెట్టియుంచిన లైకాను త్రవ్వి తీసికొనెను. అమెరికాలో న్యూయార్కు ఆధునిక కళా ప్రదర్శనశాలవారు ఆయన యుద్ధములో మరణించెనని తలచి, సంస్మరణముగా ప్రదర్శన నేర్పాటు చేయసాగిరి. మృతుడనుకొన్నవాడు సజీవుడై వచ్చి, 1947లో తన ప్రదర్శనను తానే చూచుకొనెను. ఆ యేటనే రాబర్ట్ కాపా మొదలగు మిత్రులతో కలసి మాగ్నమ్ అను ఛాయాగ్రాహకుల సహకార సంస్థను స్థాపించి, పిదప భారతదేశమునకు బయలుదేరెను.

1948 జనవరి 30. ఢిల్లీలో ఆయన ఆనాడు మధ్యాహ్నము బిర్లాభవనమున గాంధీజీని దర్శించెను. తన ప్రదర్శన పుస్తకమును చూపెను. గాంధీజీ పుటలు త్రిప్పి చూచెను. కార్టియే బ్రెస్సాఁ సెలవు తీసికొని వెలుపలికి వచ్చిన కొలదిసేపటికే ప్రార్థనకు పోవుచున్న మహాత్ముని గాడ్సే కాల్చెను. వార్త తెలియగనే ఆయన వెనుకకు పరుగెత్తెను. అప్పటికి సంధ్య మీరినది. బిర్లాభవనపు ద్వారమునొద్ద జనసమూహము. జవాహర్‌లాల్ నెహ్రూ పైకెక్కి నిలిచి గాంధీజీ ఇక లేరను మాట ప్రజలకు చెప్పుచుండెను. దీపపు వెలుతురు తప్ప వేరు వెలుగు లేదు. ఆ వెలుతురులోనే, మెరపుదీపము లేకయే, ఆయన చిత్రము తీసెను.

ఆ చిత్రమును పరీక్షాధికారి దృష్టితో చూచినవారు తప్పులు లెక్కించవచ్చును. స్పష్టత లేదు; దీపము కన్నులలో పడుచున్నది; నెహ్రూ ముఖము చెదరినట్లున్నది. అయినను ఆ రాత్రి దేశమున కెవరికి చూపు స్పష్టముగా నున్నది? చెదరిన ఆ ముఖమే ఆ వార్తకు తగిన ముఖము. గొప్ప కటకమును, నూరు దీపములును గల చిత్రశాల అట్టి చిత్రమును ఇచ్చియుండదు.

అదే యింట అదే రాత్రి జరిగిన మరియొక సంఘటన గూడ చెప్పదగినది. అమెరికా దేశపు సుప్రసిద్ధ ఛాయాగ్రాహకురాలు మార్గరెట్ బర్క్‌వైట్ సైతము ఆనాడు గాంధీజీని కలసికొనియుండెను. 1946లో ఆమె రాట్నము చెంత గాంధీజీని చిత్రించుటకు వచ్చినప్పుడు, ముందు నూలు వడకుట నేర్చుకొమ్మని ఆశ్రమమువారు షరతు పెట్టి, మూడే మెరపు బల్బులకు అనుమతించిరి. దేశ విభజన కాలమున కాందిశీకుల బారులను ఆమె తీసిన చిత్రములు చరిత్రలో నిలిచినవి. ఆమె ధైర్యమును ఎవ్వరును శంకింపరు. కాని ఆ రాత్రి భౌతికకాయము చుట్టు కూర్చున్నవారి నడుమ ఆమె మెరపుదీపము వెలిగించెననియు, శోకములో నున్నవారు అది సహింపక కెమేరా లాగికొని ఫిల్మును వెలుగున బట్టి పాడుచేసి ఆమెను వెలుపలికి పంపిరనియు ఆమె జీవితచరిత్రలో వ్రాయబడియున్నది. ఒకే యింట, ఒకే దుఃఖమునందు ఒకరి కెమేరా చొరబాటయ్యెను, మరియొకరిది కానేలేదు. భేదమంతయు కెమేరా పరిమాణములో లేదు; కాని కొంత తప్పక కలదు.

అయితే చిన్న కెమేరాను గూర్చి అంతయు పొగడ్తయే చెప్పుట న్యాయము కాదు. చడీచప్పుడు లేకుండ తీయగలుగుట ఒక శక్తి. ప్రతి శక్తికిని దుర్వినియోగము కలదు. రేవున నీళ్లకు వచ్చిన స్త్రీలను వారెరుగకుండ తీయుట కళ కాదు. ఈ కెమేరాకు దూరదృష్టి కటకము లేకుండుట ఒక విధముగా మేలే చేసినది. 40, 45 మిల్లీమీటర్ల కటకముతో ముఖము నిండుగా రావలెనన్న మీటరు దూరమునకు పోవలెను. మీటరు దూరమున నిలిచినవాడు దాగలేడు. పలుకరింపవలెను, ఊరూ పేరూ చెప్పుకొనవలెను, మజ్జిగ యిచ్చిన త్రాగవలెను. చెట్టుచాటునుండి తీసిన చిత్రమునకును, అరుగుమీద ప్రక్కన కూర్చుండి తీసిన చిత్రమునకును ఉన్న అంతరము కెమేరా యెరుగని వారికి గూడ తెలియును.

లైకా ధర సామాన్యునకు అందునది కాదు. దానిని మధ్యతరగతి యింటికి చేర్చిన కీర్తి జపాను దేశీయులది. 1961 జనవరిలో కెనాన్ సంస్థవారు కెనానెట్ అను కెమేరాను 18,800 యెన్నులకు విడుదల చేసిరి. వారమునకు సరిపోవునని సిద్ధపరచిన సరుకు రెండు గంటలలో చెల్లిపోయెనని ఆ సంస్థ తన చరిత్రలో వ్రాసికొన్నది. యాషికా, మినోల్టా, ఒలింపస్, కోనికా మొదలగు ఇతర సంస్థలును ఇట్టి కెమేరాలను లోకమున వెదజల్లెను. 1972లో వచ్చిన కెనానెట్ కడపటి నమూనాకు 40 మిల్లీమీటర్ల కటకము, 620 గ్రాముల బరువు. నేటికిని వెదకి కొనువారున్నారు. ఆ కాలమున భారతదేశమున విదేశీ కెమేరాల దిగుమతి కష్టసాధ్యము. సామాన్య గృహములలో నున్నది ఆగ్ఫా క్లిక్ వంటి డబ్బా కెమేరా. దానికి ఒక్క చుట్టలో పన్నెండు చిత్రములు. ఫిల్మునకైనను విదేశముల పైననే ఆధారపడకుండుటకు ప్రభుత్వము 1960లో ఉదకమండలమున హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ సంస్థను స్థాపించెను. ఇందు అను పేర అచట తయారైన ఫిల్ముతో ఎన్ని పెండ్లి చిత్రములు వచ్చినవో! ఆ కర్మాగారము తరువాత మూతపడినది. నలుపు తెలుపు ఫిల్ము మాత్రము ఇంగ్లండు, అమెరికా మొదలగు దేశములలో ఇప్పటికిని తయారగుచున్నది. నగరములలోని దుకాణములలో దొరకును.

కనుక పెట్టెలోని కెమేరాను బయటికి తీయవచ్చును. తీసిన పిమ్మట చూడవలసినవి కొన్ని. తోలు సంచిని మొదట వేరు చేయవలెను. తోలు తేమను పీల్చును, తేమచేత కటకముపై బూజు సాలెగూడువలె వ్యాపించును. సముద్రతీరపు ఊళ్లలో ఇది మరీ యెక్కువ. గాలి దూరని డబ్బాలో తేమను పీల్చు సిలికా గుళికలతో పెట్టుట మంచిది. వెనుక తలుపు తెరచి, అంచులలోని నల్లని నురుగుపట్టీని వ్రేలితో తాకవలెను. తారువలె అంటుకొనినచో అది శిథిలమైనది. క్రొత్త పట్టీ వేయనిదే ఫిల్ముపై వెలుగు కారును. వెనుకటి పాదరసపు బ్యాటరీలు ఇప్పుడు నిషిద్ధములు, ప్రత్యామ్నాయములు దొరకును. ఆ కెనానెట్ వంటివి బ్యాటరీ లేకున్నను చేతి అమరికతో పనిచేయును. చివరగా దూరమాపకమును పరీక్షించుటకు దేవాలయపు గాలిగోపురమంత సాధనము మరియొకటి లేదు. వలయమును అనంతమను గుర్తునకు త్రిప్పి, అర కిలోమీటరు దూరమునుండి గోపుర కలశమును చూచినప్పుడు రెండు కలశములు ఒకటిగా కనబడవలెను. కనబడనిచో నిపుణునకు చూపవలెను.

ఫిల్మును నీడలో ఎక్కించవలెను. ఎక్కిన పిమ్మట మీట త్రిప్పునప్పుడు ఎడమవైపు చుట్టు పిడి తనంతట తిరుగుచున్నదా యని చూడవలెను. అది తిరుగనిచో ఫిల్ము పట్టుకొనలేదు. పెండ్లియంతయు తీసి ఒక్క బొమ్మయు లేక తెల్లమొగము వేయవలసి వచ్చును. ఈ కెమేరాలో చూపు కటకములోనుండి పోదు గనుక కటకపు మూత తీయుట మరచినను దృశ్యము చక్కగా కనబడును. మూతతోనే చుట్ట పూర్తిచేసినవారు ప్రతి ఊర ఒకరైనను ఉందురు. వారి పేర్లు చెప్పుట మర్యాద కాదు.

వెలుగు కొలతకు యంత్రము లేకున్నను పనిజరుగును. ఫిల్ము పెట్టెపై దాని వేగము ముద్రించియుండును. నిండు ఎండలో కటకద్వారమును 16 అను అంకెకు పెట్టి, షట్టరు వేగమును ఫిల్ము వేగమునకు సమీపముగా పెట్టవలెను – 100 ఫిల్మునకు సెకనులో 125వ వంతు, 400 ఫిల్మునకు 500వ వంతు. మబ్బు పట్టినచో ద్వారము 8. ఆకాశపు వెలుగు పడు వేపచెట్టు నీడలో 5.6. ఇంటిలోపల గుమ్మపు వెలుగున కూర్చున్న అవ్వకు 400 ఫిల్ముతో గూడ ద్వారము పూర్తిగా తెరువవలసినదే. పంచెకట్టు దేశమున ఒక హెచ్చరిక అవసరము: తెల్లని ధోవతిని చూచి వెలుగుమాపకము మోసపోవును, ఎండ యెక్కువయని తలచి ముఖమును నల్లగా చేయును. అట్టిచోట ద్వారమును ఒక అంకె అదనముగా తెరచుట మేలు. నలుపు తెలుపు ఫిల్ము కొంచెము అధికమైన వెలుగును సహించును, తక్కువైన సహింపదు.

ఆటలు, ఊరేగింపులు, నాట్లు – ఇట్టి చోట రెండు బింబములను కలుపుచు కూర్చుండ సమయముండదు. 40 మిల్లీమీటర్ల కటకమున ద్వారము 11కు పెట్టి, దూరము 3 మీటర్లకు అమర్చినచో సుమారు 2 మీటర్లనుండి 7 మీటర్ల వరకు అంతయు స్ఫుటముగా వచ్చును. ఇక కెమేరాను కంటికెత్తి నొక్కుటయే. దీనికి విరుద్ధముగా ద్వారమును 1.7 వరకు తెరచి మీటరు దూరమున ముఖము తీసినప్పుడు స్ఫుటముగా వచ్చు లోతు ఆరు సెంటీమీటర్లు. కన్ను స్పష్టమైనచో చెవి మసక. అందుచేత బింబములను కలుపవలసినది కంటిపైననే.

ఒక చుట్టకు ముప్పదియారు చిత్రములు. సెల్‌ఫోను చేతనున్న యువకులకు ఈ లెక్క నవ్వు పుట్టించును. వారు కాఫీ చల్లారులోపల అన్ని తీయుదురు. సెల్‌ఫోనును నిందించుటకు కారణము లేదు. అది మంచి చిత్రములనే యిచ్చును. పేదయింటికి గూడ కెమేరా చేరినది దానివలననే. కాని వేయి చిత్రములు తీసిన ఫోను నీట పడిన నాడు వేయియు పోవును. క్రొత్త ఫోను కొన్ననాడు పాతదానిలోనివి పాతదానిలోనే మిగులును. నెగటివునకు విద్యుత్తు అక్కరలేదు, రహస్య సంకేతము అక్కరలేదు. యాభై యేండ్ల పిదప దొరికినను ఎండకెత్తి చూచిన మనుమనికి తాత కనబడును. తాత తెల్లజుట్టు నల్లగా కనబడుననుట నిజమే.

ఆ మన్నిక కడుగు పనిపై ఆధారపడియున్నది. డి-76 వంటి డెవలపరునకు 20 డిగ్రీల వేడి తగినది. ఏప్రిలులో కుళాయినీరే ముప్పది దాటును గనుక సీసాను మంచుముక్కల తొట్టిలో నిలిపి చల్లార్చవలెను. లేనిచో చిత్రము గరుకుబారును. పిదప హైపో. వెండి లవణములను కరిగించు ఈ ద్రవ్యగుణమును 1819లోనే జాన్ హెర్షెల్ గుర్తించెను. హైపో మిగిలిపోయిన నెగటివు కాలక్రమమున పచ్చబడి చెడును. కడుగుటలో తొందరపడినవారు తరువాత విచారించుదురు. ఆరిన ఫిల్మును ఆరేసి బొమ్మల ముక్కలుగా కత్తిరించి, కాగితపు తొడుగులలో పెట్టి, తొడుగుపై తేదీ వ్రాయవలెను. ప్లాస్టిక్ సంచులలో గుత్తగా కుక్కినచో వేసవిలో ఒకదానికొకటి అంటుకొనును.

గ్రామమున ముఖచిత్రమనునది గుర్తింపు కార్డుపై తప్ప వేరెక్కడను లేని వృద్ధులు ఇంకను ఉన్నారు. ఆ కార్డుపై బొమ్మలో వారు వారివలె ఉండరు. కుమ్మరి చక్రముపై, మగ్గముపై, పొయ్యియొద్ద, అరుగుపై, వారు తమవలె ఉన్నచోట ముప్పదియారు చిత్రములు తీసిన పక్షమున ఒక వీథి చరిత్ర నిలుచును. అవి ఇండ్లలో పెట్టెలకు పోక గ్రంథాలయమునకు ఒక్కొక్క ప్రతి చేరవలెను. పుస్తకములవలెనే వానికిని వరుససంఖ్య, పట్టిక ఉండవచ్చును.

ప్రతి చిత్రము వెనుకను మెత్తని పెన్సిలుతో వ్రాయవలెను, సిరాతో కాదు; సిరా ఊరి ముందువైపు మచ్చ తేలును. గట్టిగా ఒత్తిన అక్షరములు ముఖములపై పొంగును. ఊరు, వీథి, నెల, సంవత్సరము. నిలుచున్నవారు ఎడమనుండి కుడికి, కూర్చున్నవారు ఎడమనుండి కుడికి, ఇంటిపేర్లతో సహా. స్త్రీల పేర్లు గూడ వ్రాయవలెను. ఫలానావారి భార్య యని వ్రాసి విడువరాదు. పేరు తెలియనివారి స్థానమున చిన్న గీత గీసి ఖాళీ ఉంచినచో, ఆ చిత్రమును బల్లపై పెట్టిన నాడు చూడవచ్చినవారిలో ఎవరో ఒకరు ఆ పేరు చెప్పుదురు.